పరుగునకు తోడు అవసరమా?

కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతములలో పోలీసు కొలువును ఆశించు యువకునకు పరుగు వేడుక కాదు, బ్రతుకుతెరువు. 2022 నాటి కానిస్టేబుల్ ఎంపికలో పురుషులు 1600 మీటర్లను 7 నిమిషముల 15 సెకండ్లలో ముగింపవలసి యుండెను. ఒక్క సెకండు మించినను ఏండ్ల ఆశ వమ్మగును. అట్టివాడు ఒంటరిగా సాధన చేయుట మేలా? తోడుతో చేయుట మేలా?

తోడు వలన మొదటి లాభము నియమము. మైదానమున మిత్రుడు వేచియున్నాడన్న తలంపే ఆదిలాబాదు పుష్యమాసపు చలిలో సైతము పక్క విడిపించును. అలసిన వేళ ప్రక్కవాని అడుగుల చప్పుడు వేగమును సడలనీయదు. కాని బలము సమానము కానిచో ప్రతిదినము పందెమే యగును. బలహీనుడు శక్తికి మించి పరుగెత్తి కాలు నొప్పించుకొనును. బలవంతుని వేగము మందగించును. ఒంటరివాడు మాత్రము తన ఊపిరిని తానే వినును. ఏ చుట్టులో బలము దాచుకొనవలెనో, ఎచట వెచ్చింపవలెనో నేర్చుకొనును.

ఇంచుమించు ఇంతే దూరమైన మైలును 4 నిమిషముల లోపల పరుగెత్తిన మొదటివాడు ఇంగ్లండు దేశీయుడగు రోజర్ బానిస్టర్. 1954 మే 6న ఆక్స్‌ఫర్డులో మొదట క్రిస్ బ్రాషర్, పిదప క్రిస్ చాటవే ముందు పరుగెత్తి అతని వేగమును నిలిపిరి. ఆ మువ్వురును అంతకుముందు కలిసి సాధన చేసినవారే. అయినను కడపటి దూరమున బానిస్టరుకు ముందు ఎవరును లేరు. 3 నిమిషముల 59.4 సెకండ్లకు అతడు గీత దాటెను.

కావున వారమున అధిక దినములు తోడుతోను, ఒక దినమైనను గడియారముతో ఒంటరిగాను పరుగెత్తుట యుక్తము. ఉపాధ్యాయులు జంటలను కూర్చునపుడు స్నేహముతోపాటు బలసామ్యమును చూడవలెను. ఎంపికనాడు చుట్టును ఎందరున్నను, చివరి చుట్టులో ఎవరి ఊపిరి వారిదే.