చేతిరాతలా కనిపించే అచ్చక్షరాలు

కంప్యూటర్‌లో ఫాంట్ల జాబితా తెరిచి చూడండి. కొన్ని అక్షరాలు స్కేలు పెట్టి గీసినట్టు తీరుగా ఉంటాయి. మరికొన్ని ఎవరో స్కెచ్ పెన్నుతో రాసినట్టు గుండ్రంగా, కాస్త వంకరగా ఉంటాయి. ఈ రెండో రకాన్ని చేతిరాత ఫాంట్లు అంటారు. వీటిలో బాగా పేరుపొందినది కామిక్ శాన్స్.

1994లో మైక్రోసాఫ్ట్ సంస్థ ‘బాబ్’ అనే ప్రోగ్రాం తయారుచేస్తోంది. అందులో ఒక బొమ్మ కుక్క కొత్తవారికి సలహాలు చెబుతుంది. దాని మాటలు టైమ్స్ న్యూ రోమన్ అక్షరాల్లో ఉండేవి. అవి లండన్‌లోని ‘ది టైమ్స్’ దినపత్రిక కోసం తయారై, 1932లో వాడుకలోకి వచ్చిన గంభీరమైన అక్షరాలు. బొమ్మ కుక్క వార్తాపత్రికలా మాట్లాడటం అక్కడి ఉద్యోగి విన్సెంట్ కానేర్‌కు నచ్చలేదు. కామిక్ పుస్తకాల్లో మాటల బుడగలు చూసి, ఆ తీరులో కొత్త అక్షరాలు గీశారు. అవి ‘బాబ్’కు సమయానికి అందలేదు. కానీ 1995లో విండోస్ 95 ప్లస్ ప్యాక్‌లో చేరి ఎందరికో అందాయి.

అక్షరాల రూపానికీ ఒక గొంతు ఉంటుంది. పుట్టినరోజు పిలుపు, కార్టూన్, చిన్నపిల్లల కథ, సైన్స్ ప్రదర్శన పోస్టరు శీర్షిక వంటి వాటికి చేతిరాత ఫాంటు చక్కగా నప్పుతుంది. పరీక్షల టైంటేబుల్‌కు, సంతాప సందేశానికి, పేజీలకొద్దీ సాగే వ్యాసానికి నప్పదు. 2012 జులై 4న సెర్న్ పరిశోధనశాలలో హిగ్స్ బోసాన్ ఫలితాలు ప్రకటించినప్పుడు ఒక బృందం స్లైడ్లు కామిక్ శాన్స్‌లో ఉన్నాయి. అంత పెద్ద విషయం వింటూ కూడా కొందరు ఆ అక్షరాల గురించే మాట్లాడుకున్నారు!

తెలుగులో ఇలాంటి ఫాంటు చేయడం మరింత కష్టం. గుణింతాలు, ఒత్తులు అన్నీ కుదరాలి. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరంలో సకారం, గుడిదీర్ఘం, రెండు ఒత్తులు ఇమడాలి. చేతివాటంగా ఉండాలని ‘ఫలం’లో అడుగున ఉన్న చిన్న గీతను వదిలేస్తే అది ‘పలం’ అయిపోతుంది. అయినా మనకు మంచి ఫాంట్లు ఉన్నాయి. పుస్తకాల అట్టల మీద, సినిమా పేర్లలో తెలుగువారు గుర్తుపట్టే చిత్రకారుడు బాపు చేతిరాత తీరులో ఫాంట్లు వచ్చాయి. సిలికానాంధ్ర ద్వారా ఉచితంగా దొరికే ‘లక్కిరెడ్డి’ కూడా ఇలాంటిదే. పెద్ద అక్షరాల శీర్షికలకు బాగుంటుంది.

ఒక చిన్న పరీక్ష చేయండి. చేతిరాత ఫాంటులో ‘అమ్మ’ అని రెండుసార్లు టైపు చేయండి. రెండూ అచ్చం ఒకేలా ఉంటాయి. ఇప్పుడు పెన్నుతో రెండుసార్లు రాయండి. ఎంత జాగ్రత్తగా రాసినా ఎక్కడో ఒకచోట తేడా వస్తుంది. ఫాంటు చేతిరాత తీరును ఇవ్వగలదు గాని మీ చేతిని ఇవ్వలేదు.

కాబట్టి బదిలీ మీద వెళ్ళిపోతున్న స్నేహితుడికి కార్డు చేస్తే, పైన శీర్షిక మీకు నచ్చిన ఫాంటులో పెట్టండి. లోపలి నాలుగు మాటలు మాత్రం పెన్నుతో రాయండి. కొత్త ఊళ్ళో ఆ కార్డు తెరిచినప్పుడు, కింద పేరు చూడకుండానే అది మీరు రాసిందని గుర్తుపడతాడు.