వెనక్కి జారని చెక్క

తణుకులో మంచు అంటే ధనుర్మాసం తెల్లవారుజామున వరిచేల మీద కమ్ముకునేదే. అలాంటి ఊళ్లో ఎనిమిదో తరగతికి పీడనం పాఠం చెబుతూ మంచు మీద జారే స్కీ చెక్కల బొమ్మ చూపించాను. దమ్ము చేసిన మడిలో కాలు పెడితే మోకాలి దాకా దిగబడుతుంది. నేల చదును చేసే చెక్కెక్కి నిలబడ్డవాడు దిగబడడు. మంచులోనూ అంతే.

లెక్కా వేశాం. 70 కిలోల మనిషి, పాదం సుమారు 200 చదరపు సెంటీమీటర్లు. నడకలో ఒంటికాలి మీద బరువు మోపినప్పుడు చదరపు సెంటీమీటరుకు 350 గ్రాములు. నార్వేలో డిగెర్‌వార్డెన్ మంచుగడ్డ కరిగి 1,300 ఏళ్ల నాటి స్కీ ఒకటి 2014లో బయటపడింది. దాని జోడు 2021లో, అక్కడికి అయిదు మీటర్లలోనే. ఆ రెండోది 187 సెంటీమీటర్ల పొడుగు, 17 వెడల్పు. దాని మీదైతే అదే బరువు పాతిక గ్రాముల లోపే.

నేను సుద్దముక్క కింద పెడుతుంటే వెనక బెంచీలోంచి ఒకడు లేచాడు. "మరి కొండెక్కేటప్పుడు వెనక్కి జారిపోడాండీ, మాస్టారండీ?"

ఇన్నేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను, నాకెప్పుడూ తట్టలేదు. జారడానికి నున్నటి చెక్క చాలు. ముందుకు జారాలి, వెనక్కి మాత్రం జారకూడదు. చిక్కంతా అక్కడే.

జవాబు చేపల మార్కెట్లో దొరికింది. బొచ్చెకు పొలుసు తీసేవాడి కత్తి ఎప్పుడూ తోక నుంచి తల వైపే నడుస్తుంది. తల నుంచి తోకకు చెయ్యి రాస్తే నున్నగా పోతుంది, ఎదురు రాస్తే పొలుసు లేచి వేలికి తగులుకుంటుంది. ఆల్టాయ్ కొండల్లో కొందరు ఈనాటికీ స్కీల అడుగున గుర్రం తోలు బిగిస్తారు, వెంట్రుకలు వెనక్కి వాలేలా. ముందుకు తోస్తే వెంట్రుకలు అణిగి దారిస్తాయి. వెనక్కి జారబోతే ఒక్కసారిగా నిక్కి మంచులో గుచ్చుకుంటాయి. మొదట్లో తోలు తిరగేసి బిగించి, కొండెక్కబోయి బిక్కమొహం వేసినవాడూ ఒకడుండే ఉంటాడు!

స్కాండినేవియాలో ఇంకో ఎత్తు వేశారు. ఎడమ కాలికి పొడుగాటి నున్న చెక్క, కుడి కాలికి తోలు తొడిగిన పొట్టి చెక్క. పొట్టిదాంతో తన్నడం, పొడుగుదాని మీద జారిపోవడం. కొల్లేట్లో దోనెవాడు గడ మోపి తోసేదీ ఈ పద్ధతే, కాకపోతే ఇక్కడ కాలే గడ.

రష్యాలో సిండోర్ సరస్సు పక్కన విస్ అనే చోట 1960లలో గ్రిగోరీ బురోవ్ తవ్వితే, సుమారు 8,000 ఏళ్ల నాటి స్కీ ముక్క దొరికింది. గాలి సోకని ఊబి కాబట్టి కర్ర చెడలేదు. దాని ముందు కొసన, అడుగు వైపు, ఎల్క్ జింక తల చెక్కి ఉంది. అది సోకు మాత్రమే కాదు, వెనక్కి జారకుండా పట్టే మేకు కూడా అన్నాడు బురోవ్. నాకు మహా ముచ్చటేసింది.

స్కీ ఎవరి సొత్తన్న తగువు మాత్రం తెగేది కాదు. 1924లో కాల్వ్‌ట్రాస్క్‌లో దొరికిన 5,200 ఏళ్ల స్కీని స్వీడన్ చూపిస్తుంది. రష్యా విస్‌ను చూపిస్తుంది. ఆల్టాయ్ గుహబొమ్మలు అంతకన్నా పాతవని చైనా అంటుంది, వాటి వయసు మీద పండితులు ఒప్పుకోరు. తర్వాత నార్వేలో సోండ్రే నోర్‌హైమ్ మడమకు కట్టు బిగించాడు, 1924లో శీతాకాల ఒలింపిక్స్ వచ్చాయి, మన గుల్‌మార్గ్‌లోనూ జనం జారుతున్నారు.

ఇప్పటి ప్లాస్టిక్ స్కీలలో ఒక రకానికి తోలు అక్కర్లేదు. పాదం కిందికి వచ్చే చోట వరస వరసలుగా గాట్లు ఉంటాయి. వాటికి అక్కడివాళ్లు పెట్టుకున్న పేరు చేప పొలుసు.

మర్నాటి క్లాసుకి పొలుసు తియ్యని తోలు ముక్క ఒకటి కోసిమ్మని ఆ చేపలవాణ్ణి అడిగాను. "తోలెందుకండీ మీకు?" అన్నాడు కత్తి ఆపి. పాఠానికన్నాను. క్లాసులో అందరూ అటు నిమిరి, ఇటు నిమిరి చూశారు. ప్రశ్న అడిగినవాడు రెండుసార్లు చూశాడు. తర్వాత పీరియడు లెక్కల మాస్టారిది. ఆయన శాకాహారి.