మరమనిషియు సారథియు

స్వర్ణముఖీ తీరమున నున్న నాయుడుపేట వారికి రాకెట్టు వింత వస్తువు కాదు. 1971వ సంవత్సరము మొదలుకొని శ్రీహరికోట నుండి రాకెట్లు ఎగురుచునే యున్నవి. ప్రయోగ దినమున పిల్లలును పెద్దలును మిద్దెలెక్కి, ఆగ్నేయ దిక్కున లేచు తెల్లని పొగచారను చూచుచుందురు. ఆ ఊరనే యున్న మా మేనల్లుడు వేసవి సెలవులలో ఒక అట్టపెట్టెను నా ముందుంచి, "మామయ్యా! దీనిలో మరమనిషి యున్నాడు. మనమే నిలబెట్టవలెను" అనెను. తెరచి చూడగా మనిషి లేడు; రంగురంగుల ప్లాస్టిక్ చట్రములు మాత్రము కలవు.

ఆ మరమనిషి పేరు గండమ్. పేరు విని గండమేదో వచ్చినదని భయపడవలదు. 1979 ఏప్రిలులో జపాను టెలివిజనులో ఆరంభమైన ఒక కల్పిత కథలోనివాడు. ఆ కథకు దర్శకుడు యోషియుకి తోమినో. కథలోని యంత్రము ఎత్తు 18 మీటర్లు. దానిలో కూర్చుండి నడపు బాలుని వయస్సు 15 ఏండ్లు. 1980లో బండాయ్ కంపెనీ దీని నమూనా భాగములను పెట్టెలలో నుంచి అమ్మసాగెను. అప్పుడు జిగురుతో అతుకవలసి యుండెను. ఇప్పటి భాగములు ఒత్తినంతనే ఒకదానిలో నొకటి ఇమిడిపోవును.

కరిగిన ప్లాస్టిక్కును ఉక్కు అచ్చులలోనికి ఒత్తిడితో ఎక్కింతురు. అది ప్రవహించిన కాలువలే చల్లారి చట్రములగును. ప్రతి భాగమును కాయవలె సన్నని కాడతో చట్రమును అంటిపెట్టుకొని యుండును. కాని కాయను కోసినట్లు త్రుంపరాదు, అంచు చీలును. మొదట కొంచెము ఎడముగా కత్తిరించి, భాగము చేతికి వచ్చిన పిమ్మట మిగిలిన కాడను రెండవ మారు కోసి, ఆకురాయితో నునుపు చేయవలెను. భాగముల ప్రక్కన నుండు అంకెలు చట్రము మీదనే యుండును. అన్నిటిని ఒకేసారి కత్తిరించినచో కుడిచేయి ఏదో, ఎడమచేయి ఏదో తెలియదు. మావాడు ఆ పనియే చేసి సాయంకాలమెల్ల వెదకుకొనెను.

అసలు కౌశలమంతయు కీళ్లలో నున్నది. మోచేయి తలుపు బందువలె ఒక్క దిక్కుననే మడచును. తుంటి వద్ద గిన్నెలో బంతి యుండి పలు దిక్కులకు తిరుగును. మన తుంటికీలును అట్టిదే. కీలు మరీ బిగువైనచో విరుగును, మరీ వదులైనచో ఎత్తిన చేయి జారిపోవును. చేతిని ఎత్తిన చోట నిలుపునది రాపిడియే. తోలుబొమ్మలు చేయువారికి కీళ్ల పని క్రొత్త కాదు. వారు భుజమును, మోచేతిని వేరువేరు తోలుముక్కలుగా కోసి, దారపు ముడులతో కలుపుదురు. ఆ ముడి వదులుగనే యుండును. ఏలయన బొమ్మను నిలుపునది ఆడించువాని చేతిలోని పుల్ల. మరమనిషి వెనుక ఎవరును లేరు. ఆతని కీళ్లే ఆతనిని మోయవలెను.

ఇచ్చట నేనొక తప్పు చేసితిని. మోచేయి సగము మడిచి ఆగెను. ఇంకను మడచునని బలవంతపెట్టితిని. ప్లాస్టిక్కుపై తెల్లని గీత పొడచూపెను. అది హెచ్చరికయని యెరుగక మరల ఒత్తగా ఇరుసు పుటుక్కున విరిగెను. పిల్లవాడు ఏమియు అనలేదు. పెట్టె మూసి లోపలికి పోయెను. మరునాడు విరిగిన ఇరుసులో సన్నని రంధ్రము తొలిచి, ఇత్తడి తీగ దూర్చి అతికితిమి. చేయి నిలిచినది గాని, పూర్తిగా చాచదు.

కుడిచేతికి తుపాకి తగిలింపగా బొమ్మ ఆ వైపే ఒరగెను. బిందెను చంకనెత్తుకొనిన స్త్రీ రెండవ వైపునకు వంగి నడచుట మీరు చూచియే యుందురు. మేమును నడుమును కొంచెము ఎడమకు వంచి, పాదములను ఎడముగా పెట్టితిమి. భారకేంద్రము నుండి దింపిన నిలువుగీత పాదముల నడుమ పడినంతవరకు బొమ్మ పడదు.

"దీనినే నిజముగా పెద్దది చేసినచో నడచునా?" అని మావాడు అడిగెను. మా బొమ్మ నూరవ వంతు కొలతది. ఎత్తు 18 సెంటీమీటర్లు. అదే పదార్థముతో నూరు రెట్లు పెంచినచో కీలు అడ్డుకోత వైశాల్యము 10,000 రెట్లగును. బరువో, 10,00,000 రెట్లు! కావున కీలులోని ప్రతి చదరపు సెంటీమీటరు నూరు రెట్ల భారము మోయవలెను. పెద్ద జంతువుకు యెముక మరింత లావుగా నుండవలెనని గెలీలియో 1638లో ప్రకటించిన గ్రంథమున వివరించినది ఇదియే. 2020 డిసెంబరు నుండి 2024 మార్చి వరకు యోకొహామా ఓడరేవున 18 మీటర్ల గండమును నిలిపి ప్రదర్శించిరి. బరువు సుమారు 25 టన్నులు. చేతులును కాళ్లును కదలెను; కాని వెనుకనుండి ఉక్కు ఆధారమొకటి దాని నడుమును పట్టుకొనియే యుండెను. ఆ పటము చూచినప్పుడు నాకు తోలుబొమ్మ పుల్లయే జ్ఞప్తికి వచ్చినది.

చివర మిగిలినవాడు సారథి. కూర్చున్న భంగిమలో చింతగింజ యంతవాడు. అతనిని ప్రక్కన నుంచు వరకు బొమ్మ బొమ్మగానే యుండెను. ఉంచగానే మేడయంత యంత్రమై తోచెను. కుంచె కొనతో అతనికి రంగు వేయుచు, మావానికి వ్యోమమిత్రను గూర్చి చెప్పితిని. గగనయానము కొరకు మన ఇస్రో సంస్థ 2020 జనవరిలో బెంగుళూరున ప్రదర్శించిన స్త్రీరూప యంత్రమది. తలయు చేతులును కలవు, కాళ్లు లేవు. భారహీన స్థితిలో నిలబడు పనియే లేదు. గండములో యంత్రము లోపల మనిషి కూర్చుండగా, అక్కడ మనిషి కూర్చుండు చోట యంత్రము కూర్చుండును.

"అట్లయిన ఆమెకు తుంటికీలు బాధ లేదు మామయ్యా!" అని మావాడు నవ్వి, సారథిని మరమనిషి ఎదలోని గదిలో కూర్చుండబెట్టి తలుపు మూసెను.