ఎంజీబీ కారు పునరుద్ధరణ

ఎంజీబీ బ్రిటనుకు చెందిన రెండు తలుపుల స్పోర్ట్సు కారు. ఇది 1962 నుండి 1980 వరకు ఇంగ్లండులోని ఆబింగ్డన్ కర్మాగారంలో తయారైంది. నిర్మాణం సరళంగా ఉండటం, విడిభాగాలు నేటికీ దొరకటం వలన పాత కార్లను ఇంటివద్ద బాగుచేసుకొనేవారిలో ఇది ప్రసిద్ధి పొందినది.

తుప్పు

ఈ కారుకు వేరుగా ఛాసిస్ ఉండదు. బాడీయే బరువు మోస్తుంది. పైకప్పు లేని రకంలో తలుపుల క్రింద ఉండే సిల్స్ అనే పెట్టెవంటి భాగాలు దీనికి వెన్నెముక వంటివి. ఇవి లోపలినుండి తుప్పు పడతాయి. పైన రేకు అతికి రంగు వేస్తే లోపం కనబడదు గాని బలం తిరిగి రాదు. ప్రమాదం జరిగినపుడు అది ప్రాణాంతకం కావచ్చును. తుప్పు పట్టిన భాగాన్ని కోసేముందు తలుపు ఖాళీలో ఇనుప కడ్డీలు బిగించాలి. లేనిచో బాడీ మధ్యలో కుంగి, తలుపులు సరిగా మూసుకోవు. 1988 నుండి కొత్త బాడీలు కూడా తయారయ్యాయి.

ఇంజను, విద్యుత్తు

ఇందులో 1798 ఘన సెంటీమీటర్ల, నాలుగు సిలిండర్ల ఇంజను ఉంటుంది. పాత ఇంజనులలో పెట్రోలులోని సీసం వాల్వు సీట్లను అరగకుండా కాపాడేది. సీసం లేని పెట్రోలు వాడాలంటే గట్టిపరచిన సీట్లు అమర్చటం మేలు. ఇథనాలు కలిసిన పెట్రోలు పాత రబ్బరు గొట్టాలను పాడుచేస్తుంది కనుక వాటినీ మార్చాలి. 1967 వరకు వచ్చిన కార్లలో బ్యాటరీ ధన ధ్రువం బాడీకి కలిపి ఉండేది. దీనిని గమనించక ఆధునిక రేడియో బిగిస్తే అది కాలిపోవచ్చును.

నిర్వహణ

బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకొంటుంది కావున దానిని క్రమంగా మార్చాలి. కారు క్రిందికి వెళ్ళేటపుడు కేవలం జాకీని నమ్మక, గట్టి స్టాండులపై నిలపాలి.