శస్త్రచికిత్సవేళ గుండెయు, ఇన్సులినును

ఇన్సులిన్ అనగానే మనకు మధుమేహరోగి జ్ఞప్తికి వచ్చును. 1922వ సంవత్సరము జనవరిలో టొరంటో నగరమున పదునాలుగేండ్ల బాలునకు క్లోమమునుండి తీసిన యీ ద్రవ్యమును మొదటిసారి సూదిమందుగా నిచ్చిరి. నాటినుండి లోకము దీనిని చక్కెరవ్యాధికి మందుగానే యెరుగును. కాని గుండెకు శస్త్రచికిత్స జరుగునపుడు మధుమేహము లేనివారికిని వైద్యులు దీనిని ఎక్కించుట కలదు. అది యెందులకో, దానివలన మేలెంతవరకో మేమిచ్చట చెప్పబూనితిమి.

గుండె విశ్రాంతి యెరుగని కండరము. తనకు వలయు శక్తిలో సగముకంటె నెక్కువ పాలు అది క్రొవ్వునుండియే పొందును. గ్లూకోసునుండి పొందునది తక్కువ. అయినను కొలతగా ప్రాణవాయువు నిచ్చి చూచినచో, క్రొవ్వుకంటె గ్లూకోసే కొంత యెక్కువ శక్తి నిచ్చును. ప్రాణవాయువు సమృద్ధిగా నున్నపుడు ఈ భేదము లెక్కకు రాదు. అది కరవైనపుడు వచ్చును.

శస్త్రచికిత్సలో ఆ కరవు రానే వచ్చును. 1953లో ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ గుండెకును ఊపిరితిత్తులకును బదులుగా పనిచేయు యంత్రమును విజయవంతముగా వాడెను. అట్టి యంత్రము రక్తమును నడపుచుండగా, పొటాసియము కలిసిన చల్లని ద్రవముతో గుండెను ఆపి, పని ముగిసిన పిమ్మట మరల కొట్టుకొననిత్తురు. ఈలోగా దేహము ఆపద వచ్చెనని యెంచి అడ్రినలిన్, కార్టిసోల్ అను రసములను వెడలించును. ఇవి ఇన్సులినునకు ప్రతికూలములు. కాలేయము చక్కెరను రక్తములోనికి విడుచును. కణములు దానిని లోనికి రానీయవు. ఏరు నిండుగా పారుచున్నను తూము మూసిన పొలము ఎండినట్లు, చక్కెర నడుమ నుండియు గుండె దానిని తగినంత గ్రహింపజాలదు.

ఇన్సులిన్ ఆ తూమును తెరచును. గ్లూకోసును లోనికి చేర్చు వాహకములు కణముల పైపొరకు వచ్చును. రక్తములోనికి క్రొవ్వు విడుదలయగుట తగ్గును, రక్తనాళములు సడలును. పొటాసియము కూడ కణములలోనికి పోవును గనుక, రక్తములో దాని కొరత యేర్పడి గుండె లయ తప్పకుండ కనిపెట్టవలెను. ఈ కారణముననే గ్లూకోసు, ఇన్సులిన్, పొటాసియము మూటిని కలిపి యిచ్చు పద్ధతి యేర్పడినది. మెక్సికో దేశపు వైద్యుడు సోడి పల్లారెస్ 1962లో గుండెపోటు రోగుల విషయమున దీనిని ప్రకటించెను.

చక్కెరను ఎంత తగ్గించిన అంత మేలా? 2001లో బెల్జియమునందలి లూవెన్ నగరమున, శస్త్రచికిత్స ముగిసి ప్రత్యేకశ్రద్ధ పొందుచున్న 1548 మంది రోగులను పరీక్షించిరి. వారిలో సగముకంటె నెక్కువమంది గుండెకు చికిత్స పొందినవారే. చక్కెరను డెసిలీటరునకు 80 మొదలు 110 మిల్లీగ్రాముల నడుమ నిలిపినపుడు, మరణములు వేయింటికి 80 నుండి 46కు తగ్గెను. లోకమెల్ల సంతోషించి ఈ కట్టుదిట్టమును అనుసరింపసాగెను.

ఆ సంతోషము తొందరపాటని మా యభిప్రాయము. 2007లో అమెరికాలోని మేయో వైద్యాలయమువారు 400 మంది గుండెరోగులను రెండు జట్లుచేసి, ఒక జట్టునకు శస్త్రచికిత్స జరుగుచుండగానే ఇట్టి కట్టుదిట్టము చేసిరి. ఆ జట్టులో నలుగురు మరణించిరి, రెండవదానిలో ఒక్కరును లేరు; పక్షవాతము ఇందు ఎనమండుగురికి, అందు ఒక్కరికి. 2009లో వెలువడిన మరియొక పరిశోధన ఆరువేలకు పైబడిన విషమరోగులను చూచెను. ఇందు మరణములు కఠినపద్ధతిలో వేయింటికి 275, సామాన్యపద్ధతిలో 249. చక్కెర మితిమీరి పడిపోవుటయు కఠినపద్ధతిలోనే హెచ్చు.

అయినను ఇన్సులినును విడనాడలేదు. అమెరికాలోని పోర్ట్‌లండులో దానిని ఎడతెగక ఎక్కించుటచే మధుమేహరోగుల రొమ్ముగాయములు లోతుగా చీము పట్టుట తగ్గెనని 1999లోనే తేలినది. నేడు పెక్కుచోట్ల చక్కెర 180 మిల్లీగ్రాములు దాటకుండ చూచుచు, మిక్కిలి తగ్గకుండను కాచుచున్నారు. మత్తులోనున్న రోగి తనకు ఆకలియగుచున్నదనిగాని వణుకు పుట్టుచున్నదనిగాని చెప్పలేడు. ఇన్సులిన్ ఎక్కుచున్నంతకాలము ఇంచుమించు గంటకొకసారి అతని నెత్తుటి చుక్కను తీసి పరీక్షించుచుందురు.