పిల్లల నోటి చుట్టూ పుండ్లు ఆయింట్‌మెంట్‌తో తగ్గట్లేదా? జింక్ లోపం కావచ్చు

తల్లిపాలు మాన్పించిన కొన్ని వారాలకు కొందరు పిల్లల్లో నోటి చుట్టూ, మలద్వారం దగ్గర, చేతి, కాలి వేళ్ల మీద ఎర్రటి పొక్కులు వచ్చి పెచ్చులు కడతాయి. డైపర్ ఒరిసిందనో, తామర అనో అనుకుని ఇంట్లోవాళ్లు మెడికల్ షాపు నుంచి ఏదో ట్యూబ్ తెచ్చి రాస్తారు. అందులో స్టెరాయిడ్ ఉంటే నాలుగు రోజులు తగ్గినట్టే ఉండి మళ్లీ వస్తుంది. దాంతోపాటు విరేచనాలు, జుట్టు ఊడటం, ఎప్పుడూ చిరాగ్గా ఏడవటం ఉంటే ఒంట్లో జింక్ తక్కువైందేమో చూడాలి.

పేగులు జింక్‌ను సరిగా పీల్చుకోలేని ఒక పుట్టు లోపం ఉంది. దాని పేరు అక్రోడెర్మటైటిస్ ఎంటరోపతికా. తల్లిపాలలోని జింక్ సులువుగా ఒంటబడుతుంది కాబట్టి, పాలు మానాకే ఇది ఎక్కువగా బయటపడుతుంది. అమ్మ, నాన్న ఇద్దరి నుంచీ ఆ జన్యులోపం వస్తేనే బిడ్డకు జబ్బు. అందుకే దగ్గరి బంధువుల్లో పెళ్లిళ్లు చేసుకునే కుటుంబాల్లో అవకాశం కాస్త ఎక్కువ. అరుదైన జబ్బే, కంగారు అక్కర్లేదు. కానీ గుర్తించకపోతే ప్రాణం మీదికి వస్తుంది. దీనికి కారణం జింకేనని 1973లో లండన్ డాక్టర్లు చూపించారు. ఇప్పుడు జింక్ మందు మొదలుపెడితే కొద్ది రోజుల్లోనే పుండ్లు మానడం మొదలవుతుంది. మందు మాత్రం జీవితాంతం వాడాలి.

మామూలు జింక్ కొరత ఇంతకంటే చాలా ఎక్కువమందిలో ఉంటుంది. విరేచనాలతో జింక్ బయటికి పోతుంది. అందుకే ఓఆర్‌ఎస్‌తో పాటు జింక్ బిళ్లలు ఇస్తారు: 2 నుంచి 6 నెలల పిల్లలకు రోజుకు 10 మిల్లీగ్రాములు, ఆపైన 20, మొత్తం 14 రోజులు. విరేచనాలు ఆగాయని మూడో రోజే మానేసే ఇళ్లే ఎక్కువ.

వారానికోసారి గోష్ వండుతున్నాం కదా, కొరత ఎందుకుంటుందని అడగొచ్చు. ముక్కలు పెద్దల ప్లేట్లలోకి, షోర్బా అన్నం పిల్లలకు పోతే ఏం లాభం? జింక్ ఉండేది ముక్కలోనే. ఘన ఆహారం తినే వయసు పిల్లలకు ఖీమా మెత్తగా ఉడికించి పెట్టొచ్చు. గుడ్లు, శనగలు కూడా మంచివే. శనగలు నానబెట్టి మొలకెత్తిస్తే జింక్ బాగా ఒంటబడుతుంది.

విటమిన్ల లోపమూ చర్మం మీదే కనబడుతుంది. పెదవుల మూలలు పగిలితే బి2 లోపం ఒక కారణం. మెడ, చేతులు ఎండ తగిలిన మేరకు నల్లబడి పొలుసులు లేస్తే బి3 లోపం, అంటే పెల్లాగ్రా. జొన్నే ప్రధాన తిండిగా బతికిన దక్కన్ పేదల్లో దీన్ని 1960లలో హైదరాబాద్‌లో సి. గోపాలన్ బృందం పరిశోధించింది.

అలాగని జింక్ బిళ్లలు సొంతంగా నెలల తరబడి మింగకూడదు, ఒంట్లో రాగి తగ్గిపోతుంది. రెండు వారాల్లో మానని పుండ్లుంటే పిల్లల డాక్టర్‌కు చూపించండి. ఇంతకుముందు రాసిన ట్యూబ్ కూడా వెంట తీసుకెళ్లండి.