కూలి పెరిగింది, మరి వాటా?

ఖమ్మం జిల్లా బోనకల్ మండలానికి సాగర్ ఎడమ కాలువ నీళ్లు వస్తాయి. వరి, పత్తి, మిర్చి పండుతాయి. నాటు వేసేది, కలుపు తీసేది, పత్తి ఏరేది ఎక్కువగా ఆడవాళ్లే.

వెనకటి రోజుల్లో కూలి గింజల్లో ఇచ్చేవారు. ధరలు పెరిగినా గింజలు తగ్గవు. ఇప్పుడు కూలి రూపాయల్లో వస్తోంది. అందుకే ఎన్ని రూపాయలు అని చూస్తే చాలదు. వాటితో ఎంత సరుకు వస్తుందో చూడాలి.

ఒక లెక్క చూద్దాం. 2006లో ఉపాధి హామీ పనులు మొదలయ్యాయి. మొదటి విడతలోనే ఖమ్మం జిల్లా ఉంది. అప్పుడు రోజు కూలి రేటు 80 రూపాయలు. 2025లో తెలంగాణలో అది 307 రూపాయలు. దాదాపు నాలుగింతలు! కాని ఈ కాలంలో వ్యవసాయ కూలీలు కొనే సరుకుల ధరలు దేశంలో సుమారు మూడున్నర రెట్లయ్యాయి. 2025లో 307 రూపాయలకు వచ్చిన సరుకు 2006లో 88 రూపాయలకే వచ్చేది. అంటే 19 ఏళ్లలో అసలు పెరిగింది 8 రూపాయలే.

మరి దేశంలో ఉత్పత్తి పెరగలేదా? పెరిగింది. తలా పంచి చూస్తే రెండింతలు దాటింది. ఆ పెరిగింది ఎటు పోయింది?

దేశం ఆదాయం 100 రూపాయలు, జనం పదిమంది అనుకోండి. 1982లో పైనున్న ఒక్కరికి సుమారు 30 రూపాయలు దక్కాయి. కింది ఐదుగురికి కలిపి సుమారు 24 వచ్చాయి. 2022 నాటికి పై ఒక్కరి వాటా సుమారు 58 అయింది. కింది ఐదుగురికి 15 మిగిలింది. తలా మూడు రూపాయలు! ఇది ఆర్థిక శాస్త్రవేత్తల అంచనా.

ఆ పైవాడు పక్క చేను రైతు కాదు. కౌలు, ఎరువులు, పురుగుమందుల ఖర్చుతో చిన్న రైతూ కిందనే ఉన్నాడు.

ఆడవాళ్లకు ఇంకో తేడా ఉంది. ఉపాధి పనిలో ఆడ, మగ అందరికీ ఒకటే రేటు. పొలం పనిలో మాత్రం చాలాచోట్ల ఆడకూలి తక్కువ. సమాన పనికి సమాన కూలి అని 1976లోనే చట్టం వచ్చింది. అయితే చట్టం తనంతట తాను చేనుకు రాదు. ఒక్కరు అడిగితే "రేపు రావద్దు" అంటారు. ముఠా అంతా కలిసి అడిగితే నాట్లు ఆగుతాయి, మాట వింటారు.

అడగాలంటే లెక్క చేతిలో ఉండాలి. ఎన్ని రోజులు పని చేశారో, ఎంత ఇచ్చారో పుస్తకంలో రాసుకోండి. ఆ రోజు కిలో కందిపప్పు ధర కూడా రాయండి. రోజు కూలికి ఎంత పప్పు వస్తుంది? వచ్చే ఏడు మళ్లీ లెక్క వేయండి. కూలి పెరిగిందో లేదో మీకే తెలుస్తుంది.